సూదత్త పూడ్చిన చిల్లులు

మా వీధిలో ఆవిడను పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు. చిన్నా పెద్దా అందరికీ ఆవిడ సూదత్తే, వరసకు అత్త కానివాళ్లకు కూడా. ఆవిడ భర్తకు వీధి మొదట్లో టైలరు షాపు ఉండేది. ఆయన మాకు మావయ్య. వాళ్లకూ మాకూ మధ్య ఒకటే గోడ. ఇటు పక్క నేను మేకు కొడితే అటు పక్క వాళ్ల అద్దం ఊగేది.

ఆవిడ చేసేది రఫూ పని. కోటుకు నిప్పురవ్వ పడి చిల్లు పడినా, గేటు ఊచ తగిలి చొక్కా చిరిగినా ఆవిడ దగ్గరికి తెచ్చేవాళ్లు. ఆవిడ ముందు చిల్లు అంచున ఉన్న పీచును, కాలిన పోగులను సన్న కత్తెరతో శుభ్రంగా తీసేసేది. తరవాత అదే బట్ట లోపలి మడతలోంచి ఒక్కొక్క దారం లాగి, చిల్లు మీద నిలువుగా పడుగు పరిచి, అడ్డంగా పేక దూర్చి, గోరంత జాగాలో నేత నేసేది. ఇస్త్రీ చేసి ఇచ్చాక చిరుగు ఎక్కడుండేదో యజమానికే తెలిసేది కాదు.

పెళ్లయి వచ్చేనాటికి ఆవిడకు సూదిలో దారం ఎక్కించడం కూడా రాదట. తండ్రి బండి తోలేవాడు. "మా ఇంట్లో సూదంటే కాల్లో ముల్లు తీసుకోడానికే" అనేది. అత్తగారు ఒక రుమాలు ఇచ్చి, మధ్యలో కత్తెరతో చిల్లు చేసి, పూడ్చమంది. పూడిస్తే వెలుతురులో పెట్టి చూసి, మాటా పలుకూ లేకుండా అక్కడే మళ్లీ కత్తిరించేది. ఇలా నలభై రోజులు. "అత్తగారి ఆరళ్ల గురించి విన్నాను గానీ రుమాలుతో పెట్టే ఆరళ్లు నాకే రాసిపెట్టి ఉన్నాయి" అని నవ్వేది. నలభై ఒకటో రోజున ముసలావిడ రుమాలును అటూ ఇటూ తిప్పి, చిల్లు దొరక్క, దాన్ని కోడలికే ఇచ్చేసిందట. మెచ్చుకుంటూ ఆవిడ అన్న మాట ఒక్కటే: "చేసిన పని కనబడితే అది కుట్టు. కనబడకపోతే రఫూ."

మగవాళ్లు కొందరు సిగ్గుపడుతూ వచ్చి, చిరుగు ఎలా పడిందో అడక్కుండానే చెప్పబోయేవాళ్లు. "నాకెందుకు బాబూ ఆ కథ? సూది కోసం సోదికెళ్లినట్టవుతుంది. మీ ఆవిడ అడిగితే చెప్పుకోండి" అనేది అత్త. వీధి వీధంతా ఆవిడ దగ్గర చిరుగులతో పాటు గుట్లు కూడా దాచుకుంది. ఒక్కటీ బయటికి పొక్కలేదు.

మా ఊళ్లో సగం మందికి తాళ్ల ఫ్యాక్టరీయే అన్నం పెట్టేది. ఒక ఏడాది యజమానులు దాన్ని ఉన్నట్టుండి మూసేశారు. పనివాళ్లు గేటు ముందు బైఠాయించారు. నెల దాటినా లేవలేదు. నలభై మూడో రోజు ఉదయం పోలీసులు కాల్చారు. చప్పుడు మా వీధిదాకా వినబడింది. ఎవరో రేకుల మీద గులకరాళ్లు పోస్తున్నారనుకున్నాను. పద్నాలుగు మంది పోయారు. రేడియోలో తొక్కిసలాట అన్నారు. ఆసుపత్రి కాగితాల్లోనూ అదే రాశారు. ఎనిమిది రోజులు కర్ఫ్యూ పెట్టారు. శవాలను ఇళ్లకు ఇవ్వలేదు. ఇంటికొకరిని జీపులో తీసుకెళ్లి సంతకం పెట్టించుకుని, ఊరి బయట వాళ్లే కాల్చేశారు. గాయపడినవాళ్లు నోరు విప్పితే అల్లరి కేసు పెడతామన్నారు. వాళ్లు కుక్కిన పేనుల్లా పడి ఉన్నారు.

చనిపోయినవాళ్ల బట్టలను ఆసుపత్రిలో చెత్తతోపాటు తగలబెట్టమన్నారట. ఆ పని అప్పగించిన ఆయాకు చేతులు రాలేదు. తొమ్మిది మంది బట్టలు మాత్రం పక్కకు తీసి, కాగితాల్లో చుట్టి, ఎవరివో కనుక్కుని ఇంటింటికీ తెచ్చిచ్చింది. అప్పట్లో రుజువన్న మాట ఎవరికీ తట్టలేదు. శవం దక్కలేదు, చొక్కా అయినా దక్కిందనుకున్నారు.

అలా దక్కిన చొక్కాతో అత్త దగ్గరికి మొదట వచ్చింది మూలింటి వదిన. ఆవిడ ఒక్కగానొక్క కొడుకు ఫ్యాక్టరీలో తాళ్లు పేనే యంత్రం దగ్గర పనిచేసేవాడు. పోయేనాటికి ఇరవై రెండేళ్లు. నీలం గళ్ల చొక్కా. నేను అప్పుడు అత్తతో చిక్కుళ్లు ఒలుస్తూ కూర్చుని ఉన్నాను.

"దీన్ని మామూలుగా చెయ్యి వదినా" అంది, పొట్లం ఒళ్లో పెట్టి.

అత్త విప్పి చూసింది. రొమ్ము మీద ఎడంవైపు చిటికెన వేలు దూరేంత చిల్లు. వెనక వీపు మీద అంతకంటే పెద్దది. నెత్తురు ఎండి బట్ట అట్టలా బిగుసుకుపోయింది.

"ఉతికి దాచుకో వదినా. ఎందుకిదంతా?"

"దాచుకుందామనే. మడత పెడితే ఆ చిల్లే పైకొస్తోంది. ఎలా మడిచినా అదే. వాడు తొడుక్కుని వెళ్లినప్పటిలా ఉండాలి నాకు. నువ్వు తప్ప ఎవరు చేస్తారు?"

రెండు రోజులు పట్టింది. గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, ఉతికి, అంచులు కత్తిరించి, చొక్కా కింది మడతలోంచి తెల్ల దారాలూ నీలం దారాలూ వేరువేరుగా లాగి, గళ్లు గళ్లకు కలిసేలా నేసింది. మూలింటి వదిన చొక్కా అంతా వేలితో వెతికింది. ముందు దొరకలేదు, వెనకా దొరకలేదు. దాంట్లో మొహం పెట్టుకుని అప్పుడు ఏడ్చింది. కొడుకు పోయాక ఆవిడ ఏడవడం అదే మొదలని తరవాత తెలిసింది.

ఆ మాట తెలిసి ఇంకో ఐదుగురు వచ్చారు. అత్త ఎవరినీ కాదనలేదు. కూలి ఊసు ఎవరూ ఎత్తలేదు. ఆరో చొక్కా అయిపోయిన రోజు నాతో, "నా పనికి ఇన్నాళ్లకి ఓ అర్థం కనబడిందే" అంది. ఆ మాట నాకెందుకు చెప్పిందా అని ఆ తరవాత చాలాసార్లు బాధపడ్డాను.

నాలుగు నెలలు గడిచాక, పై ఊళ్లలో గోల మొదలైతే, ప్రభుత్వం విచారణ వేసింది. ఒక రిటైరైన జడ్జి వచ్చి అందరి మాటా వింటాడన్నారు. బడిలో లెక్కలు చెప్పే టీచరమ్మ భర్త ఫ్యాక్టరీలో గుమాస్తా. పద్నాలుగు మందిలో ఆయనా ఒకడు. ఆవిడ ఒక లాయర్ని పట్టుకుంది. బట్టలున్నాయా అని ఆయన అడిగాడు. గుండు దూసుకుపోయిన చోట బట్ట అంచు కాలి ఉంటుందనీ, దాన్ని పరీక్షకు పంపితే తొక్కిసలాట కథ నిలవదనీ చెప్పాడు. టీచరమ్మ ఇల్లిల్లూ తిరిగింది. ఆయా ఇచ్చిన తొమ్మిదిలో ఒకదాన్ని భయపడి పొయ్యిలో పెట్టేశారు. ఇంకొకటి, ఆ కుటుంబం ఊరొదిలి పోతూ వెంట తీసుకెళ్లింది. టీచరమ్మ భర్త చొక్కా ఒక్కటే ఉన్నదున్నట్టు మిగిలింది. తక్కిన ఆరూ అత్త చేతిలో పడ్డవే.

టీచరమ్మ అత్త దగ్గరికి వచ్చిన రోజున నేను వాళ్ల గుమ్మంలోనే ఉన్నాను.

"అత్తా, ఆరు చొక్కాలూ నువ్వే పూడ్చావా?"

"అవునమ్మా." ఆ గొంతులో కాస్త గర్వం కూడా ఉంది.

"కాలిన అంచులు ఏం చేశావు?"

"తీసెయ్యాలి గదా. కాలిన పోగు మీద నేత నిలవదు."

"తీసి?"

"ఊడ్చి పారేశాను."

టీచరమ్మ గుమ్మంలోనే కూలబడి జరిగింది చెప్పింది. నిందించలేదు. "నా దగ్గర ఒక్కటే ఉంది. ఒక్కటయితే మేకు తగిలి చిరిగిందంటారు" అని మాత్రం అంది. అత్త ఆవిడ మొహంలోకి కాకుండా తన చేతుల్లోకి చూసుకుంటూ ఉండిపోయింది. ఆ పూట వాళ్లింట్లో పొయ్యి వెలగలేదు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, మర్నాడు అత్త మూలింటి వదిన దగ్గరికి వెళ్లింది. చొక్కా ఇస్తే విప్పి చూస్తానంది. అంచులు పోయినా చిల్లయినా ఉంటుంది గదా అని.

"మళ్లీ చంపుతావా వాణ్ని?" అని తలుపేసుకుంది వదిన.

తక్కిన ఐదుగురు ఇచ్చారు. కానీ లాయరు ఆ చొక్కాలు చూసి, విప్పొద్దన్నాడు. విప్పితే, చిల్లు మీరే చేశారంటారట. చివరికి మిగిలింది అత్త నోటి మాటే.

మావయ్య షాపులో ఎక్కువ పని పోలీసు స్టేషను యూనిఫారాలదే. సంగతి విని ఆయన ఇంటికొచ్చి తలుపు మూశాడు. గోడకు ఇవతల నాకు ప్రతి మాటా వినబడింది.

"నువ్వు వెళ్లి చెబితే పోయినవాళ్లు లేచొస్తారా? మన నోటి కాడ కూడు పోతుంది. అందరికీ కుట్లు వేస్తావే, నీ నోటికి కూడా నాలుగు వేసుకో."

"ఆరు నోళ్లకి వేశాను ఇప్పటికే" అంది అత్త. "ఇక చాలు."

విచారణ పాత తాలూకా ఆఫీసు హాల్లో జరిగింది. నేనూ టీచరమ్మా అత్త వెంట వెళ్లాం. జడ్జి ముసలాయన, నెమ్మదస్తుడు, మాటిమాటికీ కళ్లద్దాలు తుడుచుకునేవాడు. ప్రభుత్వం తరఫు లాయరు ఒక చొక్కా ఎత్తి పట్టుకున్నాడు.

"ఇందులో చిల్లెక్కడుందమ్మా?"

అత్త వేలు పెట్టి చూపించింది. అతను భూతద్దంతో చూశాడు. జడ్జీ చూశాడు.

"మాకేం కనబడటం లేదు."

"కనబడకుండా చెయ్యడమే నా పని బాబూ."

హాల్లో ఎవరో నవ్వారు. అత్త ఆగలేదు. "లోపలి మడత విప్పి చూడండి. దారాలు లాగిన జాగా పల్చగా ఉంటుంది. అక్కడ లేని దారాలన్నీ ఇక్కడికే వచ్చాయి."

"దారాలు లాగారు, సరే. సిగరెట్టు కాలిన చిల్లుకైనా లాగుతారు గదా?"

"లాగుతాను."

"మేకు చిరుగుకి?"

"దానికీ లాగుతాను. కానీ బాబూ, సిగరెట్టు ముందు కాలి, వీపు లోంచి బయటికి పోదు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. జడ్జి కళ్లద్దాలు తుడవడం ఆపాడు. లాయరు కాగితాలు సర్దుకుని, మెల్లగా అడిగాడు.

"ఆ రెండు చిల్లులూ ఇప్పుడున్నాయా?"

"లేవు."

"లేకుండా చేసిందెవరు?"

"నేనే."

"ఎవరు చెయ్యమన్నారు?"

"ఎవరూ అనలేదు. కన్నతల్లులు వచ్చి ఏడిస్తే చేశాను."

అంతే, ఆవిణ్ణి వెళ్లమన్నారు. మెట్లు దిగుతూ ఆవిడ నా భుజం పట్టుకుంది. మనిషి బరువంతా నా మీదే పడింది.

ఆరు నెలలకు నివేదిక వచ్చింది. తొక్కిసలాటే. పోలీసులు గాల్లోకి కాల్చారనీ, జనం బెదిరి ఒకరి మీద ఒకరు పడ్డారనీ. ఈలోపే మావయ్యకు యూనిఫారాల పని పోయింది. ఒకరోజు పొద్దున్నే షాపు అద్దాలు పగిలి ఉన్నాయి. ఆయన అత్తతో మాట్లాడటం మానేశాడు. ఒకే ఇంట్లో ఉంటూ, "ఉప్పు తక్కువైందని చెప్పు" అని గోడకు ఇవతలున్న నాతో కబురు పంపేవాడు. నవ్వొచ్చేది గానీ నవ్వలేకపోయేదాన్ని.

నివేదిక పేపర్లో పడిన వారానికి అత్త టీచరమ్మ ఇంటికి వెళ్లి, "నేను చెరిపినవి నేనే మళ్లీ పెడతాను" అంది. ఆవిడకు ఆరు చొక్కాలమీది చిల్లులూ, వాటి చోటు, కొలత, వాలు, అన్నీ గుర్తే. కళ్లు మూసుకుని నా వీపు మీద వేలు పెట్టి చూపించేది: ఇదిగో ఇక్కడ, బెత్తెడు కిందికి, కొంచెం ఏటవాలుగా.

ఆవిడ ఆలోచన ఇది: పెద్ద దుప్పటి మీద పద్నాలుగు చొక్కాలు, మనిషి కొలతకు తగ్గట్టు, పాత గుడ్డలతో కత్తిరించి కుట్టాలి. చిల్లు పడ్డచోట ఎర్రదారంతో చుట్టు కుట్టాలి. బట్టలు దొరకనివాళ్ల ఇళ్లకు వెళ్లి ఆ పొద్దున ఏం తొడుక్కుని వెళ్లాడని అడిగాం. ఎవరూ మరిచిపోలేదు. మొదట ఇరవై ఇద్దరు ఆడవాళ్లు వచ్చారు. వారం తిరిగేసరికి ఏడుగురం మిగిలాం. భయం ఎవరిది వాళ్లకుంటుంది, తప్పు పట్టలేదు. మధ్యాహ్నాలు, టీచరమ్మ ముందుగదిలో, తెరలు దించుకుని కుట్టేవాళ్లం. నా కుట్లు కోడి కెలికినట్టు ఉండేవి. అత్త బాధ వేరు. పెద్ద కుట్లు వెయ్యాలన్నా ఆవిడ చెయ్యి మాట వినేది కాదు. ఎర్రదారం కూడా బట్టలో కలిసిపోయేంత సన్నగా వచ్చేది. విప్పి మళ్లీ వేసేది, మళ్లీ విప్పేది. "ముప్పయ్యేళ్లు దాక్కోమని నేర్పాను దీనికి. ఇప్పుడు బయటికి రమ్మంటే రాదు" అనేది.

ఒకామె తన భర్త చొక్కాకు బొత్తాం కుట్టడానికి ఒప్పుకోలేదు. "ఆ బొత్తాం కుట్టమని ఏడాది పాటు నా ప్రాణం తోడేశాడు. ఇవాళ కుట్టు, రేపు కుట్టు అంటూనే పోయాడు. ఇప్పుడు కుడితే, ఇదేదో నేనుండగా ఏడవొచ్చుగా అంటాడు." అందరం పడీపడీ నవ్వాం. ఆమె కూడా నవ్వింది. నవ్వుతూనే లేచి పెరట్లోకి వెళ్లి చాలాసేపటిదాకా రాలేదు.

ముక్కలన్నీ కలిపే వేళకు చేతికుట్టు నిలవదని తేలింది. దుప్పటి మడత ఒళ్లో పట్టనంత అయింది. ఒకరోజు మధ్యాహ్నం మావయ్య షాపు మిషను రిక్షాలో వేసుకుని వచ్చాడు. ఎవరినీ పలకరించలేదు. గదిలో మిషను దించి, దుప్పటి అంచు సూది కింద పెట్టి, తొక్కడం మొదలెట్టాడు. కాసేపయ్యాక, "అటు చివర పట్టుకో, లాగేస్తోంది" అన్నాడు. అది అత్తనే అన్నాడని ఆవిడకు తెలియడానికి ఒక నిమిషం పట్టింది. వెళ్లి పట్టుకుంది.

కాల్పులు జరిగి సరిగ్గా రెండేళ్లయిన రోజు ఉదయం ఏడింటికి ఆ దుప్పటిని ఫ్యాక్టరీ గేటుకు కట్టాం. జనం వచ్చారు. ఎవరూ నినాదాలివ్వలేదు. దగ్గరికొచ్చి, చూసి, కాస్త పక్కన నిలబడేవాళ్లు. ఒక ముసలాయన ఎర్రటి చుట్టు మీద వేలు పెట్టి, తీసి, ఆ వేలి వంకే చూసుకుంటూ వెళ్లిపోయాడు. పది దాటాక రెండు జీపులు వచ్చాయి. తాళ్లు కోసి దుప్పటి దించారు. ఎవరు చేశారని అడిగారు. టీచరమ్మ నోరు తెరిచేలోపే అత్త ముందుకెళ్లి, "నేను" అంది. "మీరంతా?" అని మావైపు తిరిగారు. "వీళ్లకి సూది పట్టడం కూడా రాదయ్యా. ఆ వంకర కుట్లు నా కళ్లు మసకేసి వేసినవి" అంది. నేను నోరు మెదపలేదు. ఇది రాయడం కష్టంగానే ఉంది, కానీ మెదపలేదు.

అత్తను తీసుకెళ్లి పదకొండు రోజులు స్టేషన్లో ఉంచుకున్నారు. మావయ్య రోజూ వెళ్లి స్టేషను ఎదుట నిలబడేవాడు. ఆయన కుట్టిన యూనిఫారాలు ఆయన ముందు నుంచే వస్తూ పోతూ ఉండేవి. బయటివాళ్లు చేయించారని అత్తను కాగితం రాసిమ్మన్నారట. ఇవ్వలేదు. ఆవిడ ఇంటికి వచ్చేనాటికి కుడి చెయ్యి వాచి ఉంది. బొటనవేలు, చూపుడువేలు వంకర తిరిగాయి. తలుపు సందులో పడ్డాయంది. ఏ తలుపో, ఎవరు వేశారో చెప్పలేదు. డాక్టరు కట్టు కట్టాడు. వాపు తగ్గింది గానీ ఆ రెండు వేళ్లూ మళ్లీ కలిసి సూదిని పట్టలేదు.

ఒకరోజు మూలింటి వదిన వచ్చింది. తలుపేసుకున్న రోజు తరవాత అత్త గడప తొక్కడం అదే మొదలు. నీలం గళ్ల చొక్కా చేతిలో ఉంది.

"ఎక్కడుందో చూపించు వదినా. నాకు తెలియాలి."

అత్త ఎడంచేత్తో తడిమింది. చాలాసేపు దొరకలేదు. దొరికాక వదిన చెయ్యి పట్టుకుని వేలు అక్కడ పెట్టింది. తరవాత వీపు వైపు తిప్పి అక్కడా పెట్టింది. నేను స్టవ్ మీద పాలు పొంగుతున్నాయని వంక పెట్టుకుని లేచి వచ్చేశాను.

అత్త ఆ తరవాత ఏడేళ్లు బతికింది. షాపులో మావయ్య పక్కన కూర్చుని ఎడంచేత్తో కాజాల దారం తెంపడం, సుద్దతో గీతలు గీయడం చేసేది. రఫూకి ఎవరైనా వస్తే, "ఆ మనిషి లేదు బాబూ" అనేది. పని నేర్పమని నేను రెండుసార్లు అడిగాను. నేర్పలేదు. ఆఖరి చలికాలంలో ఊపిరితిత్తులు చెడి, మూడు వారాలు మంచం పట్టి పోయింది. దుప్పటి ఏమైందో ఈనాటికీ తెలియదు. కాల్చేశారని కొందరు, స్టేషను గదిలో ఉందని కొందరు. టీచరమ్మను దూరపు బడికి మార్చారు. ఫ్యాక్టరీ జాగాలో ఇప్పుడు గిడ్డంగులున్నాయి.

మొన్నామధ్య జిల్లా లైబ్రరీలో ఆ విచారణ నివేదిక దొరికింది. అత్త సాక్ష్యం అరవై ఒకటో పేజీలో నాలుగు లైన్లుంది. పేరు పక్కన వృత్తి అన్నచోట, ఇంటిపని అని రాశారు.

మావయ్యకు ఇప్పుడు చెవులు సరిగా వినబడవు. దగ్గరగా కూర్చుని గట్టిగా చెప్పాను. ఆయన మిషను ఆపి, ఇంకోసారి చెప్పమన్నాడు. చెప్పాను.

"తప్పు రాశారు" అన్నాడు. మళ్లీ తొక్కడం మొదలెట్టాడు.